వెనక్కి నడిచిన గీత

“ఇంకొక్క మెట్టు దిగారంటే మిమ్మల్ని కూడా లోపలేస్తాను మేడమ్. చచ్చిపోయినావిడ మొగుడి పక్క సెల్లు ఖాళీగానే ఉంది.”

ఆ గొంతు ఇన్‌స్పెక్టరుదని డిటెక్టివ్‌కి తల తిప్పకుండానే తెలిసింది. ఆ గొంతుకి గద్దించడం నేర్పింది తనే. డిపార్టుమెంటులో ఉన్న రోజుల్లో అతను ఆమె కింద ఎస్సైగా పనిచేశాడు. ఆమె ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు చూడటం మొదలుపెట్టాక, ఆమె ఊసెత్తితేనే అతనికి ఒళ్ళు మండుతుంది. పొడుగాటి మెడకీ, ముక్కు మీది కోపానికీ కలిపి పోలీసులందరూ ఆమెని నిప్పుకోడి అంటారు. ఆ పేరు పెట్టిందీ అతనే.

“దిగను. కూర్చుంటాను,” అంటూ ఆమె నిజంగానే మెట్టు మీద కూర్చుంది. “నువ్వు లోపలేసినవాడి తల్లి ఇక్కడే ఉంది. ముందు ఆవిడకి నమస్కారం పెట్టు.”

మెట్ల పైన గోడకి ఆనుకుని నిలబడిన పెద్దావిడ నమస్కారం కోసం చూడలేదు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎదుటివాడి యూనిఫాం చూసి తగ్గే అలవాటు లేదు.

“నమస్కారం ఎవడిక్కావాలి? నా కొడుకునిప్పించు. కోడల్ని ఎలాగూ తెచ్చివ్వలేవు,” అంది.

అది కేన్సర్ ఆస్పత్రి వెనక ఉన్న పరిశోధన భవనం. నాలుగో అంతస్తులో రెండే గదులు. ఒకటి స్కాన్లు చదివే గది, రెండోది ఆ పెద్దావిడ కోడలిది. కోడలు డాక్టరు కాదు, లెక్కల మనిషి. కేన్సర్ గడ్డ ఎంత వేగంగా పెరుగుతుందో, ఎక్కడ నెమ్మదిస్తుందో, మందు పడితే ఎలా కరుగుతుందో సమీకరణాల్లో పెట్టి ముందే చెప్పడం ఆమె పని. గురువారం మధ్యాహ్నం ఈ మెట్ల మీంచి పడి, తల పగిలి చనిపోయింది. అదే రోజు పొద్దున భర్త క్యాంటీన్లో అందరి ముందూ ఆమె మీద అరిచాడు. ఇన్‌స్పెక్టరుకి అంతకన్నా అక్కర్లేకపోయింది. తెల్లారేసరికి భర్తని తీసుకెళ్ళి లాకప్పులో కూర్చోబెట్టాడు.

“‘ఆ లెక్కలు వదిలెయ్, లేకపోతే నీ ప్రాణాల మీదికొస్తుంది’ అన్నాడు,” ఇన్‌స్పెక్టరు వేళ్ళు మడిచాడు. “క్యాంటీనంతా విన్నారు. పడిన టైముకి ఎక్కడున్నాడంటే, రోడ్డు మీద నడుస్తున్నాట్ట. ఇంకేం కావాలి మేడమ్ మీకు?”

“అన్నది బెదిరింపా, భయమా?”

“పోలీసు భాషలో రెండూ ఒకటే.”

“అందుకే నేను ఆ భాష మానేశాను. తల ఎక్కడ పగిలింది?”

“వెనక.”

“మెట్లు దిగే మనిషి తూలితే ముందుకి పడుతుంది. జారితే నడుం మీద కూలబడుతుంది. ఈవిడ వెల్లకిలా, నిలువునా పడింది. ఒక చెప్పు పై మెట్టు మీదే ఉండిపోయింది. నువ్వు తీయించిన ఫోటోలోనే ఉంది, నువ్వు చూశావో లేదో! ఆ చెప్పు తలుపువైపు చూస్తోంది. అంటే మెట్లకి వీపు పెట్టి, ఎవరికో ఎదురుగా నిలబడి మాట్లాడుతోంది.”

“మొగుడితో.”

“ఈ తలుపు కార్డు లేకుండా తెరుచుకోదు. మొగుడెలా వచ్చాడు?”

“ఆవిడే తెరిచుంటుంది.”

“అప్పుడే తిట్టిపోయినవాడికి తలుపు తెరిచి, మెట్ల దగ్గరికి తీసుకొచ్చి, వీపు చూపించిందా?” డిటెక్టివ్ లేచి నిలబడింది. “అది సరే. అసలు మెట్ల దగ్గరికెందుకొచ్చింది?”

“మా కోడలు మెట్లు దిగదు,” అంది అత్తగారు. “మోకాలి చిప్ప అరిగిపోయింది. మా వాటా కింద ఉందనే ఆ ఇల్లు తీసుకున్నాం. గడప దాటాలన్నా గోడ పట్టుకునేది.”

“ఆ రోజు లిఫ్టు చెడిపోయింది. అందుకని దిగింది,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఎవరు చెప్పారు?”

“చెప్పాల్సినవాళ్ళు చెప్పారు. నా సాక్షుల పేర్లు మీకప్పజెప్పాల్సిన పనిలేదు.”

డిటెక్టివ్ విసురుగా మెట్లెక్కి, లిఫ్టు తలుపు ముందుకెళ్ళి వేలు పెట్టి చూపించింది. మెరిసే రేకు తలుపు మీద, మనిషి కళ్ళ ఎత్తులో రెండు టేపు మొనలు ఇంకా అతుక్కుని ఉన్నాయి. వాటి మధ్య ఉండాల్సిన కాగితం లేదు.

“పొద్దున్నుంచీ ఇవే పట్టుకు తిరుగుతున్నా. కింద మూడు అంతస్తుల్లోనూ తలుపులు చూశా, ఎక్కడా ఇలాంటి మరక లేదు. రోగులకి భోజనాల బండి తోసే ఆవిణ్ణి అడిగా. గురువారం మధ్యాహ్నమంతా ఇదే లిఫ్టులో బండి తోసిందట. లిఫ్టు ఒక్క నాలుగో అంతస్తులోనే చెడిపోయింది. ఒక్క మనిషికే చెడిపోయింది. ఎవడో ‘పనిచేయడం లేదు’ అని కాగితం అంటించి, పని అయిపోయాక పీకేశాడు.”

“టేపు ముక్క పట్టుకుని కేసు నడుపుతారా?”

“నువ్వు క్యాంటీన్లో అరుపు పట్టుకుని నడపడం లేదూ?”

ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. “మీరెప్పుడూ ఇంతే. కందకి లేని దురద కత్తిపీటకి! సాయంత్రం అతన్ని కోర్టుకి తీసుకెళ్తున్నా. అప్పటిదాకా గోడలూ తలుపులూ తడుముకోండి,” అని లిఫ్టు బటను గట్టిగా నొక్కాడు. తలుపు వెంటనే తెరుచుకుంది. ఎక్కబోతూ ఆగి, జేబులోంచి చిన్న కవరు తీసి, ఆ రెండు టేపు మొనలనీ గోటితో గీరి అందులో వేసుకున్నాడు. డిటెక్టివ్ వైపు చూడకుండానే కిందికెళ్ళిపోయాడు.

“వీడు పూర్తిగా చెడిపోలేదు,” అంది డిటెక్టివ్. “పదండి పిన్నిగారూ, గది చూద్దాం.”

కోడలి గదిలో బల్ల, కుర్చీ, గోడంత తెల్లబోర్డు. బోర్డు తళతళలాడుతోంది. డిటెక్టివ్ దగ్గరికెళ్ళి పక్క నుంచి చూసింది. పొడిబట్టతో తుడిస్తే రంగు పొడి అడుగు పట్టీలో రాలాలి. పట్టీ కూడా కడిగినట్టుంది. కింద నేల మీద నీటి చుక్కలు ఎండి మరకలు కట్టాయి.

“దీన్ని తుడిస్తే చెయ్యి విరగ్గొట్టేది,” అంది అత్తగారు. “ఒకసారి ఎవరో తుడిచేశారని ఇంటికొచ్చి అన్నం మానేసింది. ఎప్పుడూ నిండా గీతలే.”

“ఏం గీతలు?”

“నాకేం తెలుస్తుంది? అర్థం కావాలని బస్సు కథ చెప్పేది. ‘అత్తయ్యా, గడ్డంటే మీ బస్సే అనుకోండి. ఖాళీ బస్సులోకి మొదట జనం ఎగబడి ఎక్కేస్తారు. సీట్లు నిండి, నిలబడే చోటు కూడా లేకపోయాక, స్టాపుకి ఒకడో ఇద్దరో ఇరుక్కుంటారు. గడ్డా అంతే, చిన్నగా ఉన్నప్పుడు గబగబా పెరుగుతుంది. పెద్దదయ్యాక లోపలున్న కణాలకి తిండీ గాలీ అందక పెరుగుదల మందగిస్తుంది’ అనేది.”

“మరి మందు వేస్తే?”

“అది దిగడం. ఆఖరి స్టాపులో తలుపు దగ్గరున్నవాళ్ళు ఒక్కసారే దూకేస్తారా? నిద్రపోయేవాళ్ళూ, మూటలున్నవాళ్ళూ చివర్లో ఒక్కొక్కరే దిగుతారు. మందు కూడా లొంగే కణాల్ని ముందు గబగబా చంపుతుందట. మొండివి మిగిలి, తర్వాత మెల్లగా కరుగుతాయట.” ఆవిడ బల్ల మీది ఖాళీ గ్లాసుని తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది. “పోయిన వారం నుంచీ దానికి తిండి లేదు, నిద్ర లేదు. ‘అత్తయ్యా, ఈ బస్సులో జనం దిగే తీరు బాగాలేదు. మొదట ఒకడో ఇద్దరో దిగుతున్నారు, బస్సు ఖాళీ అయ్యేకొద్దీ గుంపులుగా దిగుతున్నారు. ఎక్కడైనా అలా దిగుతారా?’ అనడిగింది. నా సర్వీసులో చూళ్ళేదన్నాను. మరి మాట్లాడలేదు. మర్నాడు మా వాడికేదో చెప్పింది. వాడు పిరికివాడు తల్లీ. పెద్దవాళ్ళతో పెట్టుకోకని ఇక్కడిదాకా వచ్చి అరిచాడు. అదీ వాడు చేసిన నేరం.”

“మీరిద్దరూ బాగుండేవాళ్ళా?”

“బాగుండటమా! టీవీ రిమోటు దగ్గర్నుంచి దుప్పటి మడత దాకా రోజూ కొట్టుకునేవాళ్ళం. నా నోటికి సమానంగా బదులిచ్చింది అదొక్కతే.” ఆవిడ ముక్కు ఎగబీల్చింది. ఏడుపు కాదు, ఒళ్ళుమంట. “దాన్ని తిట్టే హక్కు నాది. తోసే హక్కు ఎవడిచ్చాడు?”

డిటెక్టివ్ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. “ఆవిడ కంప్యూటరెక్కడ? బల్ల మీద తీగ ఒక్కటే ఉంది.”

“బుధవారం ఇంటికి తెచ్చేసుకుంది. బీరువాలో పెట్టింది. పోలీసులు అడగనేలేదు.”

“అడగరు. క్యాంటీను అరుపు దొరికింది కదా! మీరు వెంటనే ఇంటికెళ్ళి దాన్ని తెచ్చివ్వండి. ఎవరడిగినా ఇవ్వద్దు.”

అత్తగారు వెళ్ళాక డిటెక్టివ్ రెండో అంతస్తుకి దిగింది. అక్కడ ఉండేది పెద్ద డాక్టరు. కొత్త మందుని రోగుల మీద పరీక్షిస్తున్నది ఆయనే. లెక్కల మనిషి చివరి రోజు వెళ్ళాలనుకున్నది ఆయన గదికే.

అపాయింట్‌మెంటు లేదని బయట కూర్చున్న సెక్రటరీ అంటుండగానే ఆమె తలుపు తోసింది.

“నా టైముకెంత విలువుందో తెలుసా?” అన్నాడు పెద్ద డాక్టరు. చెప్పడం పూర్తయ్యేలోగా దగ్గొచ్చింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గాడు.

“తెలుసు. గురువారం మీరిచ్చిన టైముకి వస్తూ ఒకావిడ చచ్చిపోయింది. దేనికి రమ్మన్నారు?”

“నేను రమ్మనలేదు. వెంటపడి టైము అడిగింది. మూడింటికి రమ్మన్నాను. రాలేదు. పడిపోయిందని తర్వాత తెలిసింది.” ఆయన అద్దాలు తీసి బల్ల మీద పడేశాడు. “నిజం చెప్పాలంటే వచ్చుంటే తిట్టి పంపేవాణ్ణి. అంతకుముందు ఒకసారి తిట్టాను కూడా. గీతలు గీసుకునే మనిషివి, గడ్డని ఎప్పుడైనా చేత్తో పట్టుకుని చూశావా అన్నాను.”

“ఎందుకంత కోపం?”

“నా మందు పనిచేసే తీరు ఆవిడ గీతకి అతకలేదట! గీత తప్పని ఒప్పుకోవచ్చుగా? మందు తప్పంటుంది. ఇక్కడ పంతొమ్మిది మంది రోగులున్నారమ్మా. పంతొమ్మిది మందికీ గడ్డ కరుగుతోంది. వాళ్ళు నా చేతులు పట్టుకుని ఏడుస్తారు. ఏడాది లోపల ఈ మందు బజారులోకొస్తుంది. మధ్యలో ఈ అమ్మాయి వచ్చి, ‘సార్, అందరి గడ్డలూ ఒకేలా తప్పుగా కరుగుతున్నాయి’ అంటే నేనేమనాలి? ముద్దు పెట్టుకోవాలా?”

“మీ దాకా రాకముందు ఇంకెవరినైనా అడిగిందా?”

“స్కాన్లు సరిచూడమని పైన అడిగిందట. సరిచూసి, బాగానే ఉన్నాయన్నారు. నమ్మలేదు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం.”

డిటెక్టివ్‌కి ఆ మనిషి గొంతు పట్టుకోవాలనిపించింది. చేతులు వెనక్కి పెట్టుకుని గోడ దగ్గరికి నడిచింది. ఫ్రేము కట్టిన నాలుగు బొమ్మలు వరసగా ఉన్నాయి. ఊపిరితిత్తి ముక్క, అందులో తెల్లటి గడ్డ. కింద ‘పదకొండో నంబరు రోగి’ అని రాసి ఉంది. ప్రతి బొమ్మ కిందా తేదీ, మూడేసి నెలల తేడాతో.

“మీటింగుల్లో ఇవే చూపిస్తాను,” అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాటలో కోపం పోయి మురిపెం వచ్చింది. “మొదటిది మందుకి ముందు. ఆఖరిది మొన్న తీసింది. చూశారా, బఠాణీ గింజంత మిగిలింది.”

ఆమె చూసింది. మొదటి బొమ్మలో గడ్డ నిమ్మకాయంత ఉంది. రెండోదానిలో కొంచెం తగ్గింది. మూడోదానిలో ఇంకాస్త ఎక్కువ తగ్గింది. మూడో బొమ్మ నుంచి నాలుగోదానికి ఒక్కసారిగా కూలిపోయింది. మొదట ఒకడో ఇద్దరో, తర్వాత గుంపులుగా.

ఆమె నాలుగో బొమ్మ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచింది. బఠాణీ గింజ. గబుక్కున పెద్దదైంది. తర్వాత కొంచెం. తర్వాత ఇంకా కొంచెం. ఖాళీ బస్సు నిండుతోంది.

ఆమె గిరుక్కున డాక్టరు వైపు తిరిగింది.

“డాక్టరుగారూ, మీరు వీటి అసలు స్కాన్లు చూశారా? పూర్తి బొమ్మలు?”

“నాలుగు స్కాన్లూ అయ్యాక, గడ్డ వరకూ కత్తిరించి, కొలతలు వేసి, అన్నీ ఒకేసారి పైనుంచి పంపుతారు. నేను చూడాల్సింది గడ్డని. పక్కటెముకల్ని కాదు.”

“మందు ఎక్కించడానికి ఛాతీలో ఏదో పెడతారు కదా?”

“పోర్టు. కాలర్ ఎముక కింద, చర్మం లోపల, గుండీ అంత ఉంటుంది. దాంట్లోంచే మందు ఎక్కిస్తాం.”

“ఎప్పుడు పెడతారు?”

“మొదటి డోసు రోజున.”

“ఎప్పుడు తీసేస్తారు?”

“మందు నడిచినంతకాలం తియ్యం. ఈ పాఠం మీకెందుకు?”

“పదకొండో నంబరుకి మందు ఇంకా నడుస్తోందా?”

ఆయన అద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. “నడుస్తోంది.”

“అయితే అతని పూర్తి స్కాన్లు తెరవండి. ఇప్పుడే. నా ముందు.”

“మీరెవరమ్మా నాకు చెప్పడానికి?”

“తెరవకపోతే ఈ నాలుగు ఫ్రేములూ పీకి, బయట కూర్చున్న మీ రోగులందరికీ నేనే చూపిస్తా. తెరవండి!”

ఆ అరుపుకి బయట సెక్రటరీ కుర్చీ కిర్రుమంది. పెద్ద డాక్టరు పళ్ళు కొరుకుతూ కంప్యూటరు వైపు తిరిగాడు. ఆస్పత్రి రికార్డుల్లోంచి పదకొండో నంబరు మొదటి స్కాను తీశాడు. ‘మందుకి ముందు’ అన్న తేదీ మూల మీద ఉంది. నిలువెత్తు ఛాతీ తెర మీద పరుచుకుంది. కాలర్ ఎముక కింద గుండ్రంగా, తెల్లగా, స్పష్టంగా పోర్టు.

“మందు మొదలుపెట్టకముందే పోర్టా?” అంది డిటెక్టివ్. “ఆఖరిది తెరవండి.”

మొన్నటి తేదీ ఉన్న స్కాను వచ్చింది. బఠాణీ గింజంత గడ్డ. కాలర్ ఎముక కింద ఏమీ లేదు. ఉత్త ఎముక.

పెద్ద డాక్టరు చెయ్యి మెల్లగా పైకి లేచి చొక్కా కాలరు పక్కన ఆగింది. వేళ్ళు ఎడమ కాలర్ ఎముక కింద చర్మాన్ని తడిమాయి. అక్కడ చొక్కా కింద గుండీ అంత ఉబ్బు ఉంది.

“ఇది... మొన్న తీసింది కాదు,” అన్నాడు. గొంతులో అధికారం లేదు. “ఇది మొట్టమొదటిది. మందు మొదలుపెట్టకముందు తీసింది.”

“తేదీలు తిరగేశారు డాక్టరుగారూ. పెరిగినదాన్ని కరిగినట్టు చూపించారు. తేదీ మార్చడం వాళ్ళ చేతిలో పని. పోర్టుని చెరపడం మర్చిపోయారు. ఆ అమ్మాయికి పోర్టు సంగతి తెలీదు. గీత చూసే పట్టుకుంది.” డిటెక్టివ్ ఆయన కుర్చీ దగ్గరికొచ్చింది. ఇప్పుడామెకి ఆయన మీద కోపం లేదు. అది పెద్దదై, ఇంకెవరి కోసమో వెతుక్కుంటోంది. “పదకొండో నంబరు మీరేనా?”

ఆయన తలూపాడు. “నా మందు ముందు నేనే వేసుకోవాలనుకున్నాను. బయటికి తెలిస్తే ఆపేస్తారని నంబరు వేసుకుని రోగుల్లో కలిసిపోయాను. దగ్గు తగ్గలేదు. నడుం నొప్పి. మందు పనిచేసేటప్పుడు ఒళ్ళు అలాగే ఉంటుంది, ఓర్చుకోండి అని... వాళ్ళందరికీ నేనే చెప్పాను. మిగతా పద్దెనిమిది మందికీ నేనే చెప్పాను!”

బల్ల మీది పేపరువెయిట్ తీసి గోడకేసి కొట్టాడు. ఫ్రేముల్లో ఒకటి పగిలి కింద పడింది. ఆ చప్పుడుకి తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఇన్‌స్పెక్టరు.

“భోజనాల బండి ఆవిణ్ణి నేనూ అడిగాను,” అన్నాడు డిటెక్టివ్‌తో, చేదు మాత్ర మింగుతున్నట్టు. “లిఫ్టు బాగానే ఉందట. చెడిపోయిందని చెప్పినవాడు నాకు అబద్ధం చెప్పాడు. ముఖం మీదే చెప్పాడు. ఇదేంటి, ఏం జరుగుతోందిక్కడ?”

“ఎవడు చెప్పాడు? ఇప్పటికైనా నోరు తెరు.”

“స్కానింగ్ హెడ్. నాలుగో అంతస్తు.”

పెద్ద డాక్టరు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. “నా స్కాన్లు తీసేదీ చదివేదీ అతనొక్కడే. ఆ నంబరు నాదని తెలిసింది కూడా అతనొక్కడికే,” అన్నాడు. “మా అల్లుడు.”

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“మందు హక్కులు కంపెనీకి అమ్మే మాటలు అతనే నడుపుతున్నాడు,” అన్నాడు పెద్ద డాక్టరు. “ ‘మామయ్యా, మీరు నిశ్చింతగా ఉండండి, నేను చూసుకుంటాను’ అంటాడు. మొన్న నాకు బఠాణీ గింజంత మిగిలిందని చెప్పి, నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మా అమ్మాయి ఆనందంతో ఏడ్చింది.” ఆయనకి మళ్ళీ దగ్గొచ్చింది. ఈసారి రుమాలు అడ్డం పెట్టుకోలేదు. “నిజంగా ఎంత పెరిగిందో వాడికి తెలుసు. తెలిసే దణ్ణం పెట్టాడు.”

“ఆ అమ్మాయి స్కాన్లు సరిచూడమని అడిగింది వాణ్ణే,” అంది డిటెక్టివ్. “దొంగని వెతకమని దొంగకే చెప్పింది పాపం. వాడు సరే అని, ఆవిడ మీ దగ్గరికొచ్చే రోజు లిఫ్టుకి కాగితం అంటించి మెట్ల దగ్గర కాసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్, లాకప్పులో ఉన్నవాణ్ణి వదిలిపెట్టమని ఫోను చెయ్యి.”

“ముందు వీణ్ణి పట్టుకుంటే ఆటోమేటిగ్గా...”

“ముందు వదిలిపెట్టు! పెళ్ళాం శవాన్ని కూడా చూడనివ్వలేదు నువ్వు. నీకు సిగ్గుందా?”

ఇన్‌స్పెక్టరు ఫోను తీశాడు. రెండు ముక్కల్లో ఆజ్ఞ ఇచ్చాడు. అదే ఫోన్లో నాలుగో అంతస్తులో కాపలా ఉంచిన కానిస్టేబుల్ని స్కానింగ్ హెడ్ గదికి పంపాడు. జవాబు విని అతని ముఖం మారింది.

“గదిలో లేడు. చనిపోయినావిడ ఇంటికి పరామర్శకి వెళ్తున్నానని చెప్పి బయల్దేరాట్ట.”

డిటెక్టివ్ అప్పటికే అత్తగారి నంబరు నొక్కుతోంది. మొదటి రింగులోనే ఎత్తారు.

“నేనే చేద్దామనుకుంటున్నా తల్లీ,” అత్తగారి మాట ఆయాసంగా వచ్చింది. “కంప్యూటరు సంచిలో పెట్టుకుని గుమ్మం దాటబోతున్నా, ఎవడో డాక్టరొచ్చాడు. కోడలితో కలిసి పనిచేశాట్ట. కూర్చోమన్నా. రెండు మంచిమాటలు చెప్పి, మా ఆఫీసు సామాను ఉందట ఇచ్చెయ్యండన్నాడు. ఇవ్వనన్నా. అప్పుడేమన్నాడో తెలుసా? ‘పాపం, ఆవిడ వెనక్కి అడుగు వేయకుండా ఉండాల్సింది’ అన్నాడు. వెనక్కి పడిందని పొద్దున మనం అనుకున్న మాట. అప్పుడు మెట్ల మీద ఉన్నది నువ్వూ నేనూ ఆ ఇన్‌స్పెక్టరూ. వీడికెవరు చెప్పారు?”

“వాడిప్పుడెక్కడున్నాడు పిన్నిగారూ?”

“మంచినీళ్ళు తెస్తానని లేచి, గదికి బయట గొళ్ళెం పెట్టేశా.” ఫోన్లో ధన్ మని చప్పుడు. చెక్క అదిరింది. “బాదుతున్నాడు.”

డిటెక్టివ్ పరుగెత్తింది. లిఫ్టు కోసం ఆగలేదు. ఇన్‌స్పెక్టరు వెనకే మెట్లు దూకుతూ, వైర్‌లెస్‌లో జీపుకి కేక పెడుతున్నాడు.

“మీరు వీధిలోకి వచ్చెయ్యండి! కంప్యూటరు తీసుకుని పక్కింట్లోకి వెళ్ళండి. మేం వస్తున్నాం.”

“నేను కదిలితే వీడు కదులుతాడు. పారిపోతాడు. మీరు మళ్ళీ మా వాణ్ణే పట్టుకుంటారు.”

“పట్టుకోరు, వదిలేశారు! నా మాట వినండి పిన్నిగారూ, వాడొకర్ని చంపాడు!”

“అందుకేగా నిలబడ్డాను.”

మళ్ళీ చప్పుడు. ఈసారి చెక్క చీలిన శబ్దం. గొళ్ళెం ఊడి నేల మీద గలగలమంది. డిటెక్టివ్ కింది అంతస్తు తలుపుని భుజంతో తోసుకుని బయటపడింది. జీపు ఇంకా మలుపు తిరగలేదు. ఫోను చెవికి నొక్కుకుంది. అవతల అత్తగారు ఆమెతో మాట్లాడటం మానేసింది. ఇంకెవరితోనో మాట్లాడుతోంది.

“రా. అది నీకు ఎదురుగా నిలబడి న్యాయంగా మాట్లాడింది. దాని వెనక మెట్లున్నాయి. నా వెనక గోడుంది. ఇప్పుడు తోయ్, చూద్దాం.”